ఖాళీ అన్నవాళ్ళు

వరద తర్వాత 11వ రోజు

తుపాకీ తీశాను. తీసుకున్న తూటాలు మూడు. కాల్చినది ఒకటి. సాక్షులు దాలినాయుడు, గురువులు.

చట్టం ఇంతవరకే రాయమంది. ఈ పుస్తకంలో నాలుగే గళ్ళు గీశారు. గీసినవాడు జన్మలో పందిని తరిమి ఉండడు. నేను గళ్ళు దాటి రాస్తాను. ముప్ఫై ఏళ్ళుగా అలాగే రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు "ఇంత ఎందుకు రాశావమ్మా" అని విసుక్కుంటారు, తర్వాత కూర్చుని చివరిదాకా చదువుతారు.

నా పేరు సూరీడమ్మ. వయసు అరవై ఒకటి. గెడ్డవలసకి కావలిదారుని. కొండలు కాలిపోయి పందులు మందలుగా చేలమీద పడ్డాక మా తీర రాష్ట్రం ఊరికొక తుపాకీ ఇచ్చింది. ఊరికి ఒకటే. దాన్ని పట్టుకునే చెయ్యీ ఒకటే. అది పందులకి, పంట ఉన్న చేలో మాత్రమే.

తుపాకీ ఉండే పెట్టె మా వసారా గోడలో ఉంటుంది. నా అరచెయ్యి ఆనితేనే తెరుచుకుంటుంది. దానికి నోరు కూడా ఉంది. వార్తలు చదివే గొంతుతో నీతులు చెబుతుంది కాబట్టి దాన్ని పంతులమ్మ అంటాను. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంటాయి. ఆ తాళంచెవి నా మెడలో ఉంటుంది, స్నానానికి కూడా తియ్యను.

ఈ రోజు పొద్దున్నే చెయ్యి ఆనిస్తే పంతులమ్మ కొత్త పాట ఎత్తుకుంది.

"గౌరవనీయ కావలిదారు గారూ, మీరు రాష్ట్ర సరిహద్దుకు రెండు వందల పది అడుగుల దూరంలో ఉన్నారు."

"నిన్నటిదాకా రెండు మైళ్ళు కదే?"

"సరిహద్దు నది వెంట ఉంటుంది. నది స్థానం మారినది."

మారింది. వరదకి ఏరు ఊరి వెనక్కి దూకింది. ఏరు ఎటుంటే గీత అటే అని ఎవరో మహానుభావులు ఎప్పుడో ఒప్పందం రాసుకున్నారు. దాంతో మా నలభై ఎకరాల చోడి చేను, రాగులు పండే నేల, పొరుగునున్న కనుమ రాష్ట్రంలోకి పోయింది. చేను పక్కన గుడిసె వేసుకున్న గురువులూ పోయాడు. చేపలు పట్టుకునే ముసలాడు, పడుకున్నప్పుడు మా రాష్ట్రం, లేచేసరికి పరాయి రాష్ట్రం.

గురువులు నా రెండో సాక్షి. మొదటి సాక్షి మా మరిది దాలినాయుడు, ఊరి పెద్ద కూడా. తుపాకీ బయటికి తీసేముందు, లోపల పెట్టేముందు, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దాని మెడ విరిచి, తూటా కూర్చునే గూట్లో వేలు పెట్టి చూడాలి. చూసి "ఖాళీ" అనాలి. మాకు దాని పేరు ఖాళీ చూపు. ఇద్దరూ అంటేనే పెట్టె మూత పడుతుంది. మూత పడేదాకా తుపాకీకి తాళం పడదు, బయట ఉన్నంతసేపూ ఎవరి చేతిలో అయినా పేలుతుంది. అందుకే వేలు పెట్టడం. కంటిని నమ్మొద్దు, వేలిని నమ్ము అని నాకు నేర్పిన పాత కావలిదారు చెప్పేవాడు.

గురువులు తెప్ప మీద ఏరు దాటి వచ్చాడు. లుంగీ పిండుకుంటూ గూట్లో వేలు పెట్టాడు. నన్ను అక్కా అనడానికి అప్పా అంటాడు.

"ఖాళీయే అప్పా. ఇక మీదట నాను పరదేశీని. టీ నీళ్ళు పోత్తావో, పొయ్యవో."

పోశాను.

వరద తర్వాత 14వ రోజు

తుపాకీ తియ్యలేదు.

ఈ రోజు సోలారు చావిడిలో ఊరంతా కూర్చుంది. సంగతి ఏమిటంటే, కనుమ రాష్ట్రంవాళ్ళు మా చోడి చేలో ట్రాక్టర్లు దింపారు. నేల వాళ్ళ రాష్ట్రంలోకి వచ్చింది కాబట్టి నేల వాళ్ళదట. కడుపు మండదా? నాకూ మండింది. ఆ చేలో నాకూ ఎకరంన్నర ఉంది.

దాలినాయుడు లేచి నిలబడి నా వైపు చూశాడు. వాడు చెడ్డవాడు కాదని ముందే రాస్తున్నాను. మా ఆయన పోయినప్పుడు నా పొలం రెండేళ్ళు వాడే దున్నాడు. కాకపోతే నలుగురు వింటున్నారంటే వాడి గొంతు రెండింతలవుతుంది.

"వొదినా, రేపు కాదు, వచ్చీ ఆదోరం మనమందరం ఏరు దాటి సేలోకి ఎల్తన్నాం. నువ్వు తుపాకీ బుజానేసుకుని గట్టు మీద నిలబడు. పేల్చొద్దు. ఊరికే కనపడితే సాలు."

"కనపడ్డానికి తుపాకీ ఎందుకురా, పట్టుచీర కట్టుకుని నిలబడతాను" అన్నాను.

నవ్వారు. వాడు నవ్వలేదు.

"అక్కడ సట్టం వేరు. ఆ రాట్టంలో ఎవుడైనా మొలకి కట్టుకుని తిరగొచ్చు, లైసెన్సు అడిగీవోడు నేడు. మనవే ఏటి భయపడిపోడం?"

ఇలాంటి మాటలకే నాకు ఒళ్ళు మండుతుంది. చట్టంలో తనకి కావలసిన ముక్క ఒక్కటే ఏరుకోవడం. అక్కడ మోసుకు తిరగొచ్చు, నిజమే. ఎవరు? వాళ్ళ పుస్తకంలో పేరున్నవాళ్ళు. నా లైసెన్సు నా రాష్ట్రంలోనే చెల్లుతుంది. ఏరు దాటాలంటే తుపాకీ ఖాళీగా ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, ఎక్కడా ఆగకుండా పోవాలి. భుజాన వేసుకుని అవతలి గట్టెక్కిన మరుక్షణం నేను కావలిదారుని కాదు, పొరుగు రాష్ట్రం మీదికి ఆయుధంతో వచ్చిన మనిషిని. వాళ్ళు నన్ను కాల్చినా వాళ్ళ చట్టం తప్పంటుందో అనదో నాకు తెలియదు.

ఇదంతా చెప్పాను. చట్టం లేకపోయినా రానని కూడా చెప్పాను. మనిషిని బెదిరించడానికి ఈ తుపాకీ నా భుజం ఎక్కదు. పేల్చను, ఊరికే చూపిస్తాను అన్నవాడి ఎదురుగా ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు కదా!

"అయితే తప్పుకో" అన్నాడు దాలినాయుడు. "కావలిదారు తప్పుకుంటే మొదటి సాచ్చికే తుపాకీ అని సట్టంలో నేదా?"

ఉంది. ఆ ముక్క మాత్రం వాడికి కంఠతా వచ్చు.

"తప్పుకోను" అన్నాను. "ఏం చేసుకుంటావో చేసుకో."

వరద తర్వాత 17వ రోజు

తుపాకీ తియ్యలేదు.

గురువులు పరాయి రాష్ట్రం మనిషి అయిపోయాడు కాబట్టి సాక్షిగా పనికిరాడని దాలినాయుడు ఊరిచేత వేలిముద్రలు వేయించి తెచ్చాడు. తన మేనల్లుణ్ణి పెట్టుకుందామని. పంతులమ్మ ఎదుట కాగితం పట్టుకున్నాడు.

"సాక్షి మార్పు సంవత్సరాంతమున మాత్రమే జరుగును. సాక్షి నివాసము గురించి చట్టమున ప్రస్తావన లేదు."

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ పెట్టెకి ముద్దు పెట్టాలనిపించింది.

గురువులుకి చెబితే తెప్ప అదిరేలా నవ్వాడు. "నా ఏలుకి ఏ రాట్టవో ఏలుకే తెల్దు" అన్నాడు.

వరద తర్వాత 19వ రోజు

తుపాకీ తీశాను. తీసుకున్న తూటాలు మూడు. కాల్చినవి రెండు.

మిగతాది రాయడానికి మధ్యాహ్నం నుంచీ కూర్చుని ఉన్నాను. ఇప్పుడు సాయంత్రం అయింది.

పొద్దున వానలో పెసర చేలో పందులు పడ్డాయి. రెండు కాల్చాను, రెండూ పడ్డాయి. మూడో దానికి తూటా పెట్టాను, అది పొదల్లో దూరింది. మెడ విరిచి తూటా తీసెయ్యాలి. విరవబోతుంటే దాలినాయుడు గట్టు మీంచి కేకేశాడు, "వొదినా, సూడు, ఏడో ట్రాక్టరు దింపీసినారు!" అని. చూశాను. నిజంగానే ఏడు. నా ఎకరంన్నర మీంచి పోతోంది ఒకటి. గుండె కుతకుత ఉడికింది. ఆ ఉడుకులో తూటా తీశాననే అనుకున్నాను. సంచి మీద తడితే గలగలమంది, సరే అనుకున్నాను. గలగలమన్నవి కాల్చేసిన రెండు తూటాల డొల్లలు.

ఇంటికొచ్చి వసారా బల్ల మీద తుపాకీ పెట్టాను. మెడ విరిచి పెట్టాలి, అదీ నియమమే. చూరు నీళ్ళు గూట్లో పడతాయని మూసి పెట్టాను. గొట్టం గోడ వైపే ఉంది.

దాలినాయుడు వచ్చాడు. ఆదివారం ప్రయాణం తొందరలో ఉన్నాడు. తుపాకీ మూసి ఉందని కూడా చూడలేదు. మెట్టు మీంచే పంతులమ్మకి వినపడేలా "ఖాళీ" అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్ అన్నట్టు. నేనేమన్నాను? ఏమీ అనలేదు. వాడితో మాట్లాడబుద్ధి కాక ఊరుకున్నాను. నులకమంచం గోడ వారకి లాక్కుని, వీపు బల్ల వైపు పెట్టి కూర్చుని, ఫోన్లో అందరికీ ఆదివారం సంగతులు చెబుతూ అరగంట ఉన్నాడు. టీ తాగాడు. నేనే ఇచ్చాను. వెళ్ళిపోయాడు.

పొద్దున ఖాళీ చూపు చూసి అవతలికి వెళ్ళిన గురువులు, ఏరు పొంగడంతో మధ్యాహ్నానికి గాని తిరిగి రాలేకపోయాడు. మెడ విరిచాడు. గూట్లో వేలు పెట్టాడు. తియ్యలేదు.

"అప్పా."

"ఏంటి?"

"ఇది ఖాళీ కాదు."

బల్ల పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు, ఒక్క తప్పు లేదని ఊళ్ళో మీసం మెలెయ్యడం ఒక్కటే తక్కువ నాకు. పరీక్షకి వచ్చిన కుర్ర కావలిదార్లని వేలు సరిగ్గా పెట్టలేదని ఏడిపించినదాన్ని.

గురువులు తూటా తీసి నా చేతిలో పెట్టాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"రాయొద్దు అప్పా. ఇప్పుడు ఖాళీయే గదా? ఖాళీ అనీసి ఎల్లిపోతాను. ఎవుడికి తెలుత్తాది?"

"నీకు తెలుసు. నాకు తెలుసు."

"ఆవేసపడకు, ఇను. నువ్వు రాసినావంటే నిన్ను తీసేత్తారు. తుపాకీ దాలిబాబు సేతికి పోతాది. ఆదోరం బుజానేసుకుని ఏరు దాటేత్తాడు. అవతలోళ్ళ మొలల కాడ తుపాకులు ఉన్నాయి అప్పా, నాను రోజూ సూత్తన్నాను. ఎవుడో ఒకడు సత్తాడు. నీ నిజం కోసం మనిసిని సంపేత్తావా?"

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. రాస్తే తుపాకీ దాలినాయుడిది. రాయకపోతే తుపాకీ నాది, ఆదివారం ఎవరూ చావరు, కానీ ఈ పుస్తకంలో మొదటి అబద్ధం నాది. దాని తర్వాత ఇందులో ఏ ముక్కని ఎవరు నమ్మాలి? నేనే నమ్మను.

సాయంత్రం దాకా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఏడ్చాను కూడా, ఎందుకు దాచాలి? ఏడుస్తూ పొద్దున్నుంచీ జరిగింది ఒక్కొక్కటే తలుచుకున్నాను. మంచం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

బల్ల. గోడ. మధ్యలో మంచం. గోడ వైపు పెట్టిన గొట్టానికీ గోడకీ మధ్య అరగంట సేపు కూర్చున్నది ఎవరు?

అప్పుడు భయం వేసింది. దాని వెనకే కోపం వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను రాస్తాను, వాడి పిడికెడు వాడి పేరుతో రాస్తాను. వేలు పెట్టకుండా ఖాళీ అన్న సాక్షికి తుపాకీ ఇవ్వకూడదు. చట్టంలో ఆ ముక్క కూడా ఉంది, వాడు చదవని పేజీలో.

కాబట్టి రాస్తున్నాను. తూటా గూట్లో ఉండగా తుపాకీ మూసి బల్ల మీద పెట్టాను. తప్పు నాది. మొదటి సాక్షి దాలినాయుడు వేలు పెట్టకుండా, కనీసం దగ్గరికి రాకుండా "ఖాళీ" అన్నాడు. విని నేను ఊరుకున్నాను, అదీ నా తప్పే. రెండో సాక్షి గురువులు కనిపెట్టాడు. ఇందులో ఒక్క అక్షరం కొట్టెయ్యను. ఊరు నన్ను వెలేసినా సరే.

పేజీ పంతులమ్మకి చూపించాను.

"నమోదు పైకి పంపబడినది" అంది. నీతి ఏమీ చెప్పలేదు.

వరద తర్వాత 20వ రోజు

తుపాకీ నేను తియ్యలేదు. తనిఖీ అధికారి తన తాళంతో తీసింది.

మోటారు పడవలో వచ్చింది. పేరు హైమావతి, ముప్ఫై కూడా ఉండవు. నా పేజీని రెండుసార్లు చదివింది. వసారా నిండా ఊరు.

"దాలినాయుడు గారూ, మీరు వేలు పెట్టి చూశారా?"

"సూసినాను" అన్నాడు. కళ్ళు కూడా ఆర్పలేదు. "నాను సూసినప్పుడు ఖాళీయే. ఆ తరవాత ఎవులు పెట్టినారో మరి."

ఊరు నా వైపు చూసింది. ఆదివారం ఆపడానికి నేనే తూటా పెట్టి నాటకం ఆడానని అర్థం. ఎవరో "అలాగనుకున్నాను" అన్నారు కూడా. ఆ మాట అన్న గొంతు నాకు తెలుసు, పేరు రాయను.

నేను అరవలేదు. "అమ్మా, ఆ తుపాకీ మీరు వేలు పెట్టి చూసి ఖాళీ అనండి" అన్నాను హైమావతితో. చూసి ఖాళీ అంది. తర్వాత గురువులు చూశాడు. అప్పుడు బల్ల మీద నిన్న పెట్టిన చోటే, నిన్న పెట్టినట్టే పెట్టమన్నాను. మంచం నేనే గోడ వారకి లాగాను.

"దాలీ, నిన్న కూర్చున్నట్టు కూర్చో."

"ఇదేటి ఆటలు?"

"కూర్చోరా. ఖాళీ అని నువ్వే అన్నావు కదా, నీకేం భయం?"

కూర్చున్నాడు. వీపు బల్ల వైపే పెట్టాడు, అలవాటు చొప్పున. ఊరు అంతా ఒక్కసారి గప్‌చిప్. ఏమైందా అని వాడు వెనక్కి తిరిగాడు. గొట్టం వాడి వీపుకి జానెడు దూరంలో ఉంది.

దొంగకి తేలు కుట్టినట్టు కదలకుండా ఉండిపోయాడు. నాకు జాలి వేసింది, అదీ రాస్తున్నాను. వాడి పెళ్ళికి పసుపు దంచిన చేతులు నావి.

"నిన్న..." అన్నాడు.

"నిన్న లోపల తూటా ఉంది. తాళం లేదు. పిల్లి బల్ల మీదికి దూకినా చాలు. పెట్టింది నేను, నిన్ను చంపబోయినదాన్ని నేను. ఆపగలిగినవాడివి నువ్వు. ఇప్పుడు చెప్పు, వేలు పెట్టావా?"

వాడు మంచం మీంచి లేచి గొట్టానికి పక్కగా జరిగాడు.

"పెట్టనేదు" అన్నాడు.

హైమావతి రాసుకుంది. నా లైసెన్సు రద్దు. వాడి సాక్ష్యం రద్దు, కావలిదారు అయ్యే హక్కూ రద్దు. వేరే మనిషి పరీక్ష పాసయ్యేదాకా గెడ్డవలసకి తుపాకీ లేదు. గోడలోంచి పెట్టె ఊడదీసి పడవలో పెట్టించింది. ఈ పుస్తకం కూడా తీసుకోబోయింది.

"నిండేదాకా ఇది నాది. ఇంకా పేజీలున్నాయి" అన్నాను.

వదిలేసింది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షకి రావచ్చంది.

"అప్పటికి అరవై నాలుగు. వస్తాను. చెయ్యి వణికితే మీకంటే ముందు నేనే చెబుతాను."

పడవ కదులుతుంటే పంతులమ్మ గొంతు వినిపించింది, "సరిహద్దుకు నలభై అడుగులు" అని. వెళ్తూ వెళ్తూ కూడా నోరు మూసుకోదు.

ఊళ్ళో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. పందులొస్తే ఎవరు దిక్కు అని మాత్రం నాకు వినపడేలా అనుకున్నారు. వినపడింది. నిజమే, దిక్కు లేకుండా చేసింది నేనే. తలెత్తుకునే ఇంట్లోకి వెళ్ళాను.

వరద తర్వాత 22వ రోజు, ఆదివారం

తుపాకీ లేదు.

పొద్దున పెసర చేలో పందులు పడితే కిరసనాయిలు డబ్బా కొడుతూ పరిగెత్తాను. సగం చేను పోయింది. మోకాలు వాచింది. రేపూ కొడతాను.

దాలినాయుడు పదిహేనుమందిని తీసుకుని ఏరు దాటాడు, ఉత్త చేతులతో. తిరిగొచ్చేదాకా గట్టు మీదే నిలబడి ఉన్నాను, పట్టుచీర కాదు గాని. వాడూ, పదిహేనుమందీ తిరిగొచ్చారు. లెక్కపెట్టుకున్నాను.

తిట్టుకున్నారట, మట్టి చల్లుకున్నారట. అవతలివాళ్ళు గురువారం రెండు ఊళ్ళ కాగితాలూ తెచ్చి మాట్లాడుకుందాం అన్నారట. చేను వస్తుందో రాదో తెలియదు. నేనూ వెళ్తాను గురువారం, నా ఎకరంన్నర ఊరికే వదలను.

దాలినాయుడు అందరూ వెళ్ళాక నా దగ్గర ఆగాడు.

"తొమ్మండుగురి మొలల కాడ ఉన్నాయి వొదినా."

చెప్పి ఇంటిదారి పట్టాడు.

వరద తర్వాత 23వ రోజు, సోమవారం

సోమవారం తుపాకీ తీసినా తియ్యకపోయినా ఖాళీ చూపు ఉంటుంది. ఉండేది. పొద్దున టీ పెడుతుంటే వసారాలో తడి కాళ్ళ చప్పుడు.

"ఎందుకొచ్చావు గురువులూ? పెట్టె లేదు కదా?"

"సోమారం గదా అప్పా."

పెట్టె ఊడదీసిన చోట గోడలో పెద్ద బొక్క ఉంది. అందులో చెయ్యి పెట్టి, మూలలన్నీ తడిమి, "ఖాళీ" అన్నాడు. నవ్వు రాలేదు నాకు.

టీ రెండు గ్లాసుల్లో పోశాను. మెట్టు దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. పిలవలేదు. పొమ్మనలేదు. దాలినాయుడు వసారా ఎక్కి, గోడ దగ్గరికి నడిచి, మోచెయ్యిదాకా చెయ్యి లోపల పెట్టాడు. ఇటుకల మీద వేళ్ళు పాకించి, చివరిదాకా చూశాడు.

"ఖాళీ" అన్నాడు, మెల్లగా.

మూడో గ్లాసు తీసుకొచ్చి, కూర్చుని పుస్తకం తెరిచాను.

తుపాకీ లేదు. తూటాలు లేవు. సాక్షులు ఇద్దరు. ఇద్దరూ చెయ్యి పెట్టి చూశారు.